నాన్నగారు మాత్ర ఆపేశారు, ఫోను చెప్పిందట

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారాలు. మా నాన్నగారికి 68 ఏళ్లు. లెక్కల మాష్టారుగా రిటైరయ్యారు. పన్నెండేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నారు. ఆరు నెలల కిందట మా అబ్బాయి ఆయన ఫోనులో ఏఐ చాట్‌బాట్ పెట్టి, వాడడం నేర్పాడు. అప్పట్నుంచి అదే ఆయన లోకం. రక్తపరీక్ష రిపోర్టులు ఫొటో తీసి దానికి చూపించి, అది చెప్పిందంతా నోట్‌బుక్కులో రాసుకుంటారు. మూత్రంలో ప్రోటీన్ పోతోందని మూడు నెలల కిందట డాక్టరు కొత్తగా లోసార్టాన్ అనే బీపీ మాత్ర రాశారు. ఇరవై రోజులుగా ఆయన అది వేసుకోవడం లేదని మొన్ననే తెలిసింది. కిడ్నీల వడపోత తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.2 నుంచి 1.4కి పెరిగిందట, ఆ మాత్ర వల్ల పెరగొచ్చని ఫోను చెప్పిందట. నేను గట్టిగా అడిగితే, "డాక్టరు నాతో మూడు నిమిషాలు మాట్లాడతాడు, అదీ కంప్యూటరు వంక చూస్తూ. ఇది ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు" అన్నారు. మా తమ్ముడేమో "రేపు అసలు డాక్టర్లే ఉండరక్కా" అని నవ్వుతాడు. పోనీ నేనేమైనా మేలా అంటే, గుండె లయ తప్పినట్టుందని స్మార్ట్‌వాచ్ చూపించిన రాత్రి నాకు కునుకు లేదు. ఈసీజీ తీసి ఏమీ లేదన్నారు, అయినా టెన్షన్ పోలేదు. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. స్కూలు సంగతులు మాకు చెప్పడం మానేసి దానికే చెప్పుకుంటున్నాడని అనుమానం. ఇంట్లో అందరి ఫోన్లలోంచీ దాన్ని తీసేయమంటారా? ఒక నిజం కూడా చెప్పేస్తాను, ఈ ఉత్తరాన్ని దాని చేతే సరిదిద్దించాను.
– ఒక కూతురు

సమాధానం:

ముందు మాత్ర సంగతి చూద్దాం, మిగతా కబుర్లు తర్వాత.

ఇది చదవగానే, రేపటికని వాయిదా వేయకుండా, ఆ మాత్ర రాసిన డాక్టరుకి ఫోన్ చేయండి. "లోసార్టాన్ ఇరవై రోజులుగా వేసుకోలేదు, క్రియాటినిన్ ఇంత నుంచి ఇంత అయింది, ఈ పూట బీపీ ఇంత ఉంది" అని మూడు ముక్కల్లో చెప్పండి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి కాగితం మీద రాసిపెట్టండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూడాలి, మాట్లాడుతూ చూస్తే అంకె పెరుగుతుంది. మాత్ర మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత మోతాదుతో, దానికి ముందు రక్తపరీక్ష అవసరమా అన్నవి ఆయన చెప్పాలి. మానేసిన రోజులకి కలిపి రెండేసి మాత్రలు మాత్రం వేయకండి. ఈలోగా ఛాతీలో నొప్పి, ఆయాసం, భరించలేని తలనొప్పి, మాట తడబడడం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా ఎవర్నీ ఏమీ అడుగుతూ కూర్చోకండి. తిన్నగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఆ ఫోను కూడా నాన్నగారి ఎదుటే చేయండి. ఆయన చేతే మాట్లాడించగలిగితే మరీ మంచిది. జీవితమంతా పిల్లల తప్పులు దిద్దిన మనిషి. తన తప్పు కూతురు పట్టుకుని చాటుగా డాక్టరుకి చెప్పిందని తెలిస్తే చిన్నబోతారు. ఇంకోసారి ఇంకో మాత్ర ఆపినప్పుడు మీకు తెలియనివ్వరు, అంతే తేడా.

ఇక ఫోను చెప్పిన మాట. చిత్రమేమిటంటే, అది ఆయనకు అబద్ధం చెప్పలేదు. లోసార్టాన్ జాతి మందులు మొదలుపెట్టాక క్రియాటినిన్ కొద్దిగా పెరగడం ఉంది, పొటాషియం పెరగడమూ ఉంది. అందుకే మొదలుపెట్టిన కొన్ని వారాల్లో రక్తపరీక్ష చేయిస్తాం. కానీ ఎందుకు పెరుగుతుందో చూడండి. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే లక్షల చిన్న చిన్న జల్లెడలుంటాయి. షుగరు ఉన్నవాళ్లలో ఏళ్ల తరబడి ఆ జల్లెడల లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. ఆ ఒత్తిడికే అవి దెబ్బతిని, ప్రోటీన్ మూత్రంలోకి కారిపోతుంది. ఈ మందు ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది. ఒత్తిడి తగ్గాక వడపోత కాస్త నెమ్మదిస్తుంది, క్రియాటినిన్ అంకె కాస్త పైకి జరుగుతుంది. అంటే ఆయన భయపడిన ఆ కాస్త పెరుగుదల చాలామందిలో మందు పనిచేస్తోందన్న గుర్తే. మొదటి నాలుగు వారాల్లో పెరుగుదల 30 శాతం దాటకపోతే మందు ఆపక్కర్లేదని కిడ్నీ వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి. 1.2 నుంచి 1.4 అంటే ఎంత శాతమో మాష్టారికి కాగితం అక్కర్లేదు, నోటి లెక్కే. షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతింటున్న పదిహేను వందల మంది మీద లోసార్టాన్‌ని పరీక్షించిన అధ్యయనం 2001లో వచ్చింది. కిడ్నీలు పూర్తిగా పనిచేయకుండా పోయే ముప్పు ఆ మందు వేసుకున్నవాళ్లలో 28 శాతం తగ్గింది.

కిడ్నీల మీద భయంతో, కిడ్నీల్ని కాపాడే మాత్రనే ఆపారన్నమాట. అయితే మీ నాన్నగారిని నేను చూడలేదు. ఒళ్లు నొప్పుల మాత్రలు వాడినా, ఒంట్లో నీరు తగ్గినా, ఇంకేదైనా ఉన్నా క్రియాటినిన్ పెరుగుతుంది. ఆయన విషయంలో మాత్ర నిజంగానే ఆపాల్సి ఉందేమో కూడా. అది తేల్చాల్సింది ఆయన కాగితాలన్నీ ఒకచోట పెట్టుకుని, ఆయన్ని చూసిన మనిషి.

ఇక్కడ మీ నాన్నగారిని ఒక్క విషయం అడగండి. దానికి ఏయే కాగితాలు చూపించారు? రక్తం రిపోర్టు ఫొటో తీశారు. మూత్రం రిపోర్టు తీశారా? "ప్రోటీన్ పోతోందని ఈ మాత్ర రాశారు" అని చెప్పారా? చెప్పి ఉండరని నా అనుమానం. "ఈ మాత్ర వల్ల క్రియాటినిన్ పెరుగుతుందా?" అని అడిగి ఉంటారు. అడిగినదానికి అది జవాబిచ్చింది. ఎదురుగా ఉన్న డాక్టరైతే, ఎంత హడావిడిలో ఉన్నా, "అసలు ఆ మాత్ర మీకు దేనికి రాశారు?" అని ఎదురడుగుతాడు. అడగాలి మరి. వైద్యంలో సగం పని ఆ ఎదురు ప్రశ్నే.

ఈ మాట నా వృత్తి మీద మమకారంతో అంటున్నానని మీ తమ్ముడు అనుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2025లో బయటపెట్టిన అధ్యయనం ఒకటుంది. దాదాపు 1,300 మంది మామూలు జనానికి పది రకాల జబ్బు కథలు ఇచ్చారు. "ఇది మీకే వచ్చిందనుకోండి, చాట్‌బాట్‌ని అడిగి ఏం జబ్బో, ఎక్కడికి వెళ్లాలో తేల్చండి" అన్నారు. అవే కథలు పూర్తిగా, తిన్నగా ఆ చాట్‌బాట్‌లకే ఇస్తే నూటికి 95 సార్లు సరైన జబ్బు పేరు చెప్పాయి. మధ్యలో మనిషి కూర్చుని అడిగితే అది నూటికి 35కి పడిపోయింది. ఏ చాట్‌బాటూ లేకుండా తమకు తోచినట్టు వెతుక్కున్నవాళ్ల కన్నా వీళ్లు మెరుగేమీ కాదని తేలింది. జనం లక్షణాలన్నీ చెప్పలేదు, చెప్పిన జవాబుల్లో ఏది పట్టుకోవాలో తెలియలేదు. దానికి తెలివి తక్కువై కాదు. మనిషికి, దానికి మధ్య జరిగిన సంభాషణలోనే సరుకు జారిపోయింది. నాకు ఈ రంగంలో చదివినవాటన్నిటిలోకీ పనికొచ్చే సంగతి ఇదే అనిపించింది. "ఏఐ డాక్టరు పరీక్ష పాసైంది" అని వచ్చే వార్తలన్నీ ఆ మొదటి అంకె గురించి. మన ఇళ్లలో జరిగేది రెండోది.

అదే ఏడాది ఒక వైద్య పత్రికలో వచ్చిన కేసు కూడా చెబుతాను. అరవై ఏళ్లాయన, ఉప్పులోని క్లోరైడ్ ఒంటికి మంచిది కాదని ఎక్కడో చదివి, దాని బదులు ఏం వాడొచ్చని చాట్‌జీపీటీని అడిగాడు. దాని మాట ఆధారంగా సోడియం బ్రోమైడ్ తెప్పించుకుని మూడు నెలలు ఉప్పుకి బదులు అదే వాడాడు. చివరికి పొరుగువాడు విషం పెడుతున్నాడన్న భ్రమతో ఆసుపత్రిలో చేరాడు. బ్రోమైడ్ విషం అది. నూరేళ్ల కిందట బ్రోమైడ్‌ని మందుగా వాడిన కాలంలో తరచు కనిపించేది, ఇప్పటి డాక్టర్లు పుస్తకాల్లో చదవడమే. క్లోరైడ్‌కి బదులు బ్రోమైడ్ అన్నది కొన్ని పనుల్లో, ఉదాహరణకు శుభ్రం చేయడంలో, నిజంగానే సరైన జవాబు. తినడానికని అడుగుతున్నాడేమో అని ఆలోచించి ఆపే మనిషి లేకపోవడమే అక్కడి లోటు.

ఇవన్నీ చెప్పి నాన్నగారి మీద గెలవాలని చూడకండి, ఆయన మాటలో నిజముంది. "మూడు నిమిషాలు, అదీ కంప్యూటరు వంక చూస్తూ" అన్నారు కదా. రోగి చెప్పడం మొదలుపెట్టాక డాక్టరు ఎంతసేపటికి అడ్డు తగులుతాడో అమెరికాలో 1984లో కొలిచారు, సగటున 18 సెకన్లు. 2018లో మళ్లీ కొలిస్తే 11 సెకన్లకు దిగింది. నేనూ ఆ బాపతే, ఒప్పుకుంటున్నాను. బయట ముప్ఫై మంది కూర్చుని ఉంటే పదకొండు సెకన్లు కూడా ఎక్కువే అనిపించే రోజులుంటాయి. 2023లో ఇంకో అధ్యయనంలో, జనం ఇంటర్నెట్‌లో అడిగిన 195 ఆరోగ్య ప్రశ్నలకు డాక్టర్లు రాసిన జవాబులూ చాట్‌బాట్ రాసిన జవాబులూ ఎవరివో చెప్పకుండా నిపుణులకు చూపించారు. నూటికి 78 సార్లకు పైగా వాళ్లు చాట్‌బాట్ జవాబునే మెచ్చారు. ఓపిక, సానుభూతి అందులోనే ఎక్కువ కనిపించాయన్నారు. ఆ జవాబులన్నీ నిజమేనా అన్నది వేరే సంగతి. కానీ భార్య పోయిన మనిషి, రాత్రి పదకొండింటికి నిద్రపట్టక, తన క్రియాటినిన్ గురించి ఎవర్ని అడగాలి? మీరు అలిసి పడుకుని ఉంటారు. అది మేలుకునే ఉంటుంది.

కాబట్టి ఫోనులోంచి తీసేయకండి. తీసేసినా ఆయన మళ్లీ పెట్టుకుంటారు, నేర్పిన మనవడు ఇంట్లోనే ఉన్నాడుగా. ఒక్క గీత మాత్రం గీయండి. అడగడం ఎంతైనా అడగొచ్చు. మాత్ర మొదలుపెట్టడం, ఆపడం, తగ్గించడం, పెంచడం మాత్రం రాసిన మనిషితో మాట్లాడాకే. ఆ గీత దగ్గర మొహమాటం వద్దు. అది ఏ మోడలైనా, ఎంత కొత్తదైనా సరే.

అడగడం ఎలాగో కూడా చెబుతాను, మాష్టారికి ఇది నచ్చుతుంది. ఈ చాట్‌బాట్‌లు తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో అంచనా కడుతూ వాక్యం అల్లుతాయి. మీరు అడిగిన తీరు ఎటు మొగ్గితే జవాబూ అటే మొగ్గుతుంది. పైగా వాడేవాళ్లు మెచ్చుకునేలా వీటికి తర్ఫీదు ఇస్తారు కాబట్టి ఎదుటివాడి మాటకు తలూపే గుణం అబ్బింది. అది మరీ శ్రుతిమించిందని ఓపెన్‌ఏఐ సంస్థ 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీలో చేసిన మార్పునొకదాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అందుకని "ఈ మాత్ర ఆపొచ్చా?" అని అడిగాక, కొత్త సంభాషణ తెరిచి, "ఈ మాత్ర ఆపకూడదనడానికి కారణాలేమిటి?" అని కూడా అడగమనండి. రెండు జవాబులూ నోట్‌బుక్కులో పక్కపక్కన రాసుకోమనండి. రెండూ అంతే నమ్మకంగా, అంతే చక్కగా ఉంటాయి. ఆ పేజీ చూశాక మీరు చెప్పాల్సింది ఏమీ మిగలదు. ఆపైన, "నా గురించి నీకు ఇంకా ఏం తెలిస్తే నీ జవాబు మారుతుంది?" అని అడగమనండి. అప్పుడు అదే, మూత్రపరీక్షలో ఏముంది, ఏ మందులు వాడుతున్నారు, ఈ మాత్ర ఎందుకు రాశారు అని అడుగుతుంది. అంటే మనం మర్చిపోయిన ఎదురు ప్రశ్నను దాని చేతే అడిగించుకోవడం.

నేనైతే దాన్ని ఇంకో పనికి వాడతాను. డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు, ఉన్న బాధలూ మందులూ తేదీలూ దానికి ఇచ్చి, ఒక్క పేజీలోకి కుదించమని, డాక్టరుని అడగాల్సిన మూడు ప్రశ్నలు రాయమని అడగొచ్చు. మూడే. పది ప్రశ్నల కాగితం చూస్తే మాకు గుండె జారుతుంది. అలాంటి పేజీ తెచ్చిన రోగికి పదకొండు సెకన్లలో అడ్డు తగలను. చదవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. "ఏఐని అడిగాను" అని డాక్టరుకి దాచకండి. మొహం చిట్లించే డాక్టర్లున్నారు, అది వాళ్ల బాధ. తెలియకపోతే మాకే నష్టం.

రిపోర్టుల ఫొటోలు అందులో పెట్టొచ్చా అని మీరు అడగలేదు, నేనే చెబుతాను. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న పైభాగం కత్తిరించి పెట్టండి. అంకెలు చాలు దానికి. మీరు డాక్టరుకి చెప్పింది దాచాల్సిన బాధ్యత డాక్టరుకి ఉంది. ఫోను యాప్‌కి చెప్పింది ఆ కంపెనీ షరతుల మీద ఆధారపడి ఉంటుంది, అవి మనం చదవకుండా "ఒప్పుకుంటున్నాను" నొక్కేసినవి. మన సంభాషణల్ని దాని శిక్షణకు వాడొద్దని చెప్పే మీట చాలావాటిలో సెట్టింగుల్లో ఉంటుంది. అది మీ అబ్బాయికి అప్పగించండి, రెండు నిమిషాల పని.

మీ తమ్ముడి మాటకొస్తాను. 2016లో జెఫ్రీ హింటన్ అనే శాస్త్రవేత్త, ఐదేళ్లలో యంత్రాలు రేడియాలజిస్టుల్ని, అంటే ఎక్స్‌రేలూ స్కాన్లూ చూసి చెప్పే డాక్టర్లని, మించిపోతాయి, ఇకపై కొత్తవాళ్లకు ఆ శిక్షణ ఇవ్వడం ఆపేయాలి అన్నారు. ఆషామాషీ మనిషి కాదు, ఈ విద్యకు పునాది వేసినవాళ్లలో ఒకరు, 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఐదేళ్లు ఎప్పుడో దాటాయి, రేడియాలజిస్టులకు ఇప్పటికీ కొరతే. అలాగని యంత్రం ఓడిందనీ కాదు. స్వీడన్‌లో ఎనభై వేల మంది మహిళల రొమ్ము ఎక్స్‌రేల మీద చేసిన పరీక్షలో, ఏఐ సాయంతో డాక్టర్లు ఎక్స్‌రేలు చూడాల్సిన భారం 44 శాతం తగ్గింది, పట్టుకున్న క్యాన్సర్లు ఏమాత్రం తగ్గలేదు. 2023లో వచ్చిన ఫలితం అది. కంటి రెటీనా ఫొటో చూసి షుగరు వల్ల చూపు దెబ్బతింటోందా అని, డాక్టరు లేకుండానే చెప్పే ఏఐకి అమెరికాలో 2018లోనే అనుమతి వచ్చింది. షుగరు ఉన్న మీ నాన్నగారికి కన్ను చూపించి ఏడాది దాటితే, ఏఐతోనో డాక్టరుతోనో, ముందు అది చేయించండి.

ఇలాంటిదే ఇంకో రెటీనా ఏఐని గూగుల్ వాళ్లు థాయ్‌లాండ్ క్లినిక్కుల్లో పెట్టి చూశారు. ప్రయోగశాలలో అద్భుతంగా పనిచేసిన యంత్రం, అక్కడ గదిలో వెలుతురు సరిగా లేక తీసిన ఫొటోల్లో ఐదింట ఒకటి నాకు వద్దని తిప్పికొట్టింది. నర్సులకు తలనొప్పి, వచ్చినవాళ్లకు మళ్లీ తిరుగుడు. ఇంకో పక్క పోలండ్‌లో, పెద్దపేగు పరీక్షలో ఏఐ చూపిస్తే చూడడం అలవాటైన డాక్టర్లు, క్యాన్సర్‌గా మారగల చిన్న గడ్డల్ని అది లేని రోజున ముందుకన్నా తక్కువ కనిపెట్టారు. నూటికి 28 మందిలో కనబడేవి 22 మందిలోనే కనబడ్డాయి. 2025 నాటి మాట. యంత్రం మమ్మల్ని తీసేస్తుందన్న భయం నాకు లేదు. దాని పక్కన కూర్చుని నా కళ్లు మొద్దుబారతాయేమోనన్న భయమే ఉంది. మీ తమ్ముడితో ఇది అనండి, నవ్వడం కాసేపైనా ఆపుతాడు.

మీ వాచీ సంగతి మీ నాన్నగారికే వదిలేద్దాం. వేళాకోళం కాదు, ఈ లెక్క ఆయనకివ్వండి: వెయ్యి మందిలో పది మందికి ఒక జబ్బు ఉంది. పరీక్ష ఆ పదిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్లలో నూటికి ఐదుగురిని కూడా ఉందని పొరపాటు పడుతుంది. ఇప్పుడు "ఉంది" అని మోగిన మనిషికి నిజంగా ఉండే అవకాశం ఎంత? ఆయన కాగితం మీద వేసి చూపిస్తారు. దాదాపు యాభై తొమ్మిది సార్లు మోగితే తొమ్మిదే నిజం. వాచీలు అన్నీ ఇంత అధ్వానమని అనడం లేదు. ఆపిల్ వాచీ మీద నాలుగు లక్షల మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2019లో వచ్చింది. అందులో గుండె లయ తేడాగా ఉందన్న హెచ్చరిక వచ్చింది నూటికి అర మందికి. 65 దాటినవాళ్లలో అది మూడు శాతం పైచిలుకు, నలభై లోపువాళ్లలో శాతంలో ఆరో వంతు. హెచ్చరిక వచ్చాక, గుండెని రోజుల తరబడి రికార్డు చేసే పట్టీ అతికించుకుని చూసుకున్నవాళ్లలో ముగ్గురిలో ఒకరికి లయ తప్పడం నిజమేనని తేలింది.

అందుకని మీ ఈసీజీ బాగుండడం మంచి వార్తే, కానీ మామూలు ఈసీజీ చూసేది పది సెకన్లు. వాచీ ఇంకోసారి మోగినా, దడ, కళ్లు తిరగడం, ఆయాసం ఉన్నా, ఒకటి రెండు రోజులు ఒంటికి ఉంచుకునే హోల్టర్ రికార్డింగ్ అవసరమా అని అడగండి. ఏమీ లేకపోతే రాత్రిపూట వాచీ తీసి పడుకోండి. ఒకప్పుడు నేనూ నిద్ర ఎంత పట్టిందో కొలిచే వాచీ పెట్టుకున్నాను. అది "నిద్ర సరిపోలేదు" అన్న రోజు మధ్యాహ్నానికి నిజంగానే ఆవలింతలు వచ్చేవి, బాగా పట్టిందన్న రోజు ఉత్సాహంగా ఉండేదాన్ని. నా ఒళ్లు నాకేం చెబుతోందో దాన్ని అడిగి తెలుసుకుంటున్నానని అర్థమయ్యాక డ్రాయర్లో పడేశాను.

మీ అబ్బాయి గురించి తేలిగ్గా చెప్పలేను. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అనే ప్రోగ్రాం రాశారు. మీరు టైపు చేసిన వాక్యాన్నే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికేమీ రాదు. అది తయారవుతుండగా చూసిన ఆయన సెక్రటరీయే, దానితో కాసేపు మాట్లాడాక, మీరు కొంచెం బయటికి వెళ్తారా అని ఆయన్ని అడిగింది. అంత మొద్దు యంత్రం ముందే మనసు విప్పుకోవాలనిపిస్తే, ఇప్పటివాటి ముందు పద్నాలుగేళ్లవాడికి అనిపించడంలో వింతేముంది? ఫోను లాక్కుని సంభాషణలు చదవకండి. వాడు దానితో ఏం మాట్లాడుతున్నాడో అడగండి, తప్పు పట్టడానికి కాకుండా. కారులోనో నడుస్తూనో, మొహంలో మొహం పెట్టకుండా. నిద్ర తగ్గినా, తిండి తగ్గినా, స్నేహితుల్ని తప్పించుకుంటున్నా, చచ్చిపోవాలనే మాట ఏ రూపంలో వినబడినా, అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. అలాంటి సమయంలో మెత్తగా తలూపే యంత్రం ఒక్కటే తోడైతే ప్రమాదం.

ఇప్పటికి తాతకి నేర్పింది వాడే కాబట్టి, మిగతాదీ వాడికే అప్పగించండి. కాగితాలన్నీ, మూత్రం రిపోర్టుతో సహా, ఒక ఫైల్లో వరసగా పెట్టడం, వచ్చే అపాయింట్‌మెంట్‌కి ఆ ఒక్క పేజీ తయారుచేయించడం, రెండు వైపుల ప్రశ్నలూ అడిగి తాత నోట్‌బుక్కులో రాయించడం. వాచీ లెక్క తాత వాడికి చెబుతారు. మీరు పక్క గదిలో ఉండి వినండి చాలు.

డాక్టరు మాత్ర గురించి ఏమన్నారో, బీపీ ఎంత ఉందో నాకు రెండు ముక్కలు రాయండి. ఈసారి దేనిచేతా సరిదిద్దించకండి. మీ మొదటి ఉత్తరంలో తప్పులు లేవు, కానీ ఇరవై రోజుల సంగతి తెలిసిన రోజు మీకెంత భయమేసిందో కూడా అందులో లేదు.